చిన్న తుపాకికి చవుకలో స్కోపు: కొనేముందు చూడవలసిన సంగతులు

(కుల్చారంలో రైతులకు చేసిన ఉపన్యాసం)



వరిలో ఎరువు మోతాదు గురించో, మక్కలో కలుపు గురించో మాట్లాడడానికి ఈ ప్రాంతానికి వచ్చినప్పుడల్లా, సభ ముగిసిన తరువాత ఒకరిద్దరు నన్ను పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒకటి కలదు. "సార్, మా ఇంట్ల చిన్న తుపాకి ఉన్నది. దానిమీద దుర్భిణి బిగిస్తే మంచిగుంటదా? అగ్గువల ఏది తీసుకోవాలె?" ఇన్నాళ్ళూ నిలబడినచోటనే నాలుగు ముక్కలు చెప్పి పంపుతూ వచ్చాను. ఈసారి సభలోనే చెప్పమని మీలో కొందరు కోరినందున, ఈ ఒక్క విషయమే తీసుకొని మాట్లాడుతున్నాను.

నేను సస్యశాస్త్రం బోధించేవాడిని, తుపాకుల వ్యాపారిని కాను. అయినప్పటికిని ఈ ప్రశ్న పంటకు సంబంధం లేనిది కాదు. మంజీర ఒడ్డున, ఘనపురం ఆనకట్ట కాలువల క్రింద వరి వేసేవారికి, మెట్టమీద మక్క వేసేవారికి అడవిపంది బెడద ఎట్టిదో నేను వర్ణించనక్కరలేదు. కంకి పాలు పోసుకునే వేళకు ఒక్క రాత్రిలో ఒక మడి నేలమట్టమవుతుంది. ఆ కోపంలో, ఆ దిగులులో, సెల్‌ఫోనులో కనబడిన ప్రకటన చూసి స్కోపు తెప్పించుకునేవారు ఉన్నారు. డబ్బు పోవడం ఒక నష్టం. స్కోపు వచ్చిందనే ధైర్యంతో చేయకూడని పని చేయడం అంతకన్న పెద్ద నష్టం. కావున మొదట తుపాకి సంగతి, తరువాత స్కోపు సంగతి.

పల్లెల్లో కనబడే తుపాకులు మూడు రకాలు. నాటు తుపాకి, అనగా మూతినుండి మందు కూరే బర్మారు. ఇందులోనే పన్నెండు బోరు కూడా కలపవచ్చును. రెండింటికీ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. రెండవది .22 రైఫిలు. ఇది ఏ కొద్ది ఇండ్లలోనో పెద్దలనాటి లైసెన్సుతో ఉంటుంది. మూడవది గాలితుపాకి, .177 అంగుళాల బోరుది. నున్నని గొట్టానికి స్కోపు దండగ. గొట్టంలో మెలికల గాడి లేనందున గుండు తిరగదు, తిరగని గుండు నిక్కచ్చిగా పోదు. ముప్పై గజాలకే జానెడు అటూ ఇటూ పోయే తుపాకికి వెంట్రుకవాసి గురి చూపే గాజు ఎందుకు? కాబట్టి బర్మారు, పన్నెండు బోరు ఉన్నవారు ఈ ఖర్చు తలపెట్టవద్దు. ఇక మాట్లాడవలసినది .22 గురించి, గాలితుపాకి గురించి మాత్రమే.

ఈ రెండు తుపాకులు దేనికొరకు ఉద్దేశించినవో చట్టమే చెబుతున్నది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షనులో, పంట రక్షణకని మూతినుండి మందు కూరే తుపాకిని, రక్షణకు లేదా క్రీడకు 20 అంగుళాలకు తగ్గని గొట్టం గల నున్నని తుపాకిని పేర్కొన్నారు. .22 రైఫిలును, గాలి రైఫిలును మాత్రం గుర్తింపు పొందిన రైఫిలు క్లబ్బు సభ్యులు గురి అభ్యాసం చేయడానికి అని వేరుగా చెప్పినారు. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు .177 అంగుళాలకు గాని, బలం 20 జౌళ్ళకు గాని మించిన గాలితుపాకికి లైసెన్సు కావలెను.

ఈ జౌళ్ళ లెక్క కొంచెం చూడండి, ఉపయోగపడుతుంది. సాధారణంగా వాడే .22 లాంగ్ రైఫిల్ తూటా గుండు 40 గ్రెయిన్లు, అనగా 2.6 గ్రాములు. సెకనుకు సుమారు 330 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. దాని బలం 140 జౌళ్ళ చిల్లర. లైసెన్సు లేని గాలితుపాకి దానిలో ఏడవ వంతు. ఎదిగిన మగ అడవిపంది 100 కిలోలు కూడా తూగవచ్చు; భుజంమీద తోలు, క్రొవ్వు అట్టలవలె ఉంటవి. అట్టి జంతువు మీద .22 పేలిస్తే అది చావదు, గాయంతో పొదలో చేరుతుంది. తెల్లవారి అటు వెళ్ళిన కూలీమీద, పసులకాపరిమీద తిరగబడుతుంది. గాలితుపాకి సంగతి చెప్పనే అక్కరలేదు.

చట్టం కూడా ఇక్కడ కఠినంగా ఉన్నది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడమే కాదు, గాయపరచడం కూడా వేటయే. 2022 సవరణ తరువాత అడవిపంది రెండవ షెడ్యూలులో ఉన్నది. పంటకు హాని చేస్తున్న పందిని తొలగించవలెనంటే 11వ సెక్షను క్రింద అధికారి వ్రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవలెను. ఆ పని చేయడానికి తగిన తుపాకి, తగిన మనిషి వేరు. నెమలి మొదటి షెడ్యూలులో ఉన్నది. జొన్న కంకుల మీద వాలే చిలుకను గాలితుపాకితో కొట్టడం కూడా నేరమే. ఎవరైనా "స్కోపు పెడితే చిన్న తుపాకి కూడా పందికి సరిపోతుంది" అని చెబితే నమ్మవద్దు.

కుల్చారం మల్లినాథసూరి ఊరని పండితులు చెప్పుకుంటారు. కావ్యంలో ఉన్న అర్థాన్ని చదువరికి తేటపరచడం వ్యాఖ్యాత పని. లేని అర్థాన్ని తెచ్చి అతికించడం కాదు. స్కోపు పని కూడా అంతే. తుపాకిలో ఉన్న నిక్కచ్చితనాన్ని కంటికి అందిస్తుంది. లేని బలాన్ని, లేని దూరాన్ని అది తెచ్చిపెట్టలేదు.

మరి స్కోపు ఎవరికి? గురి అభ్యాసం చేసేవారికి. అందులోను అందరికీ కాదు. మీ పిల్లవాడు గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో కంచుపతకం తెచ్చిన 10 మీటర్ల గాలి రైఫిలు పోటీ చూసి ఆ దారిన పోదలచినచో, స్కోపు కొనివ్వవద్దు. ఆ పోటీలలో పెద్దది చేసి చూపే అద్దం నిషిద్ధం. సన్నని రంధ్రంలోనుండి చూసే గురి మాత్రమే వాడనిస్తారు. స్కోపుకు అలవాటుపడిన పిల్లవాడు తరువాత దానిని మానుకోవలసి వస్తుంది. ఆ డబ్బు మంచి గుండ్లకు, శిక్షకుని వద్దకు పోయివచ్చే బస్సు ఛార్జీకి పెట్టండి.

స్కోపువలన నిజంగా మేలు పొందేవారు నలభై దాటినవారు. ఇనుప గురితో కాల్చేటప్పుడు కన్ను మూడు వస్తువులను ఒకేసారి చూడవలెను: దగ్గరి గాడి, కొసన ఉన్న మొన, దూరాన ఉన్న గురి. వయసు వచ్చినకొలదీ కంటి కటకం బిరుసెక్కి దగ్గరిది మసకబారుతుంది. సూదిలో దారం ఎక్కించలేనివారు గాడిని కూడా చూడలేరు. స్కోపులో గీతలు, గురి ఒకే తలంమీద ఉన్నట్లు కనబడతవి. కన్ను ఒక్కచోట నిలిస్తే చాలు. ఈ ఒక్క కారణం చేతనే చాలామందికి చిన్న స్కోపు పెద్ద ఊరట.

ఇక కొనేముందు చేయవలసిన మొదటి పరీక్ష స్కోపుకు కాదు, మీ తుపాకికి. మన దగ్గర గాలితుపాకులు ఎక్కువగా గొట్టం విరిచి గుండు పెట్టే రకం. వాటిలో ఇనుప గురి రెండు భాగాలూ గొట్టంమీదనే ఉంటవి. అందుచేత గొట్టం కీలు కొంచెం వదులైనా గురి, గొట్టం కలిసే కదులుతవి. స్కోపు మాత్రం వెనుక ఒంటిమీద కూర్చుంటుంది. కీలు వదులుగా ఉన్న తుపాకిలో గొట్టం ఒక వైపు, స్కోపు ఒక వైపు చూస్తవి. కావున తుపాకి మూసి, గొట్టం కొస పట్టుకొని పక్కలకు మెల్లగా ఊపి చూడండి. కదలిక తెలిసినచో ముందు ఆ కీలు మరమ్మత్తు చేయించండి. లేనిచో ఇనుప గురితోనే కాల్చినవాడు మీకన్న బాగా కాలుస్తాడు. ఈ మాట ఏ దుకాణదారుడూ మీకు చెప్పడు.

తుపాకి బిగువుగా ఉన్నది, స్కోపు కొనవలెనని నిశ్చయించుకున్నారు. డబ్బామీద 4×32 అనో, 3–9×40 అనో అంకెలు ఉంటవి. మొదటి అంకె ఎన్నింతలుగా చూపుతుందో తెలుపుతుంది. 4 అంటే వంద గజాల దూరంలోనిది ఇరవై అయిదు గజాలలో ఉన్నట్లు కనబడుతుంది. 3–9 అంటే మూడు నుండి తొమ్మిది ఇంతల వరకు మార్చుకోవచ్చును. రెండవ అంకె ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. రైతు సోదరులు మొదటి అంకె ఎంత పెద్దదైతే అంత గొప్ప అనుకుంటారు. ఎరువు ఎంత వేస్తే అంత పంట అనుకున్నట్లే ఇదీ.

రెండవ అంకెను మొదటి అంకెతో భాగించండి. 4×32కు 8 వస్తుంది. స్కోపులోనుండి మీ కంటికి చేరే వెలుగు కిరణపు వెడల్పు అంత, 8 మిల్లీమీటర్లు. చీకటిలో పడుచువారి కంటిపాప 7 మిల్లీమీటర్ల వరకు తెరచుకుంటుంది. వయసు మళ్ళినవారికి 5 గాని, ఇంకా తక్కువ గాని. కాబట్టి 4×32లో పొద్దువాలినప్పుడు కూడా కంటికి కావలసినంత వెలుగు అందుతుంది. అదే 12×32 అయితే మూడు మిల్లీమీటర్లు కూడా రాదు. సాయంత్రం ఆరింటికే మసక. చవుకగా అమ్మే సన్నని 4×15 స్కోపులలో కూడా నాలుగు మిల్లీమీటర్లకు తక్కువే, పైగా కన్ను వెంట్రుకంత జరిగినా నల్లబడుతుంది. పూర్వం గాలితుపాకులతోపాటు ముప్పాతిక అంగుళం గొట్టపు స్కోపులు ఇచ్చేవారు. ఇప్పటికీ అంగళ్ళలో అవి కనబడతవి. పిల్లల ఆటకు తప్ప కొనదగినవి కావు. గొట్టం ఒక అంగుళం మందం ఉన్నది చూసుకోండి.

పెద్ద అంకెలో ఇంకొక చిక్కు కలదు. గురిని పన్నెండింతలు చేసే అద్దం మీ చేతి వణుకును కూడా పన్నెండింతలు చేసి చూపుతుంది. గుండె కొట్టుకోవడం కూడా గీతల మీద కనబడుతుంది. చూపు మేర కూడా కుంచించుకుపోతుంది. నాలుగింతల స్కోపులో 25 గజాల దూరాన ఇంచుమించు ఏడు అడుగుల వెడల్పు కనబడితే, పన్నెండింతల దానిలో రెండున్నర అడుగులు కనబడితే ఎక్కువ. గురి దొరకబుచ్చుకొనడానికే సమయం పోతుంది. ఇరవై, యాభై గజాల అభ్యాసానికి నాలుగింతల స్థిరమైన స్కోపు చాలునని నా అభిప్రాయం. మార్చుకునే రకంలో కదిలే భాగాలు ఎక్కువ. ఒకే ధరకు రెండు దొరికినచో, స్థిరమైన దానిలో ఆ డబ్బు మంచి అద్దానికి పోయి ఉంటుంది. మార్చుకునే దానిలో మరలకు పోయి ఉంటుంది.

ఇప్పుడు చెప్పబోయేది ఎక్కువమంది మోసపోయే చోటు. స్కోపును తుపాకిమీద కదలకుండా నిలిపి, కన్ను మాత్రం కొంచెం అటూ ఇటూ జరిపితే, గీతలు గురిమీద జారినట్లు కనబడతవి. దీనిని పారలాక్సు అంటారు. బండిలో పోతూ చూస్తే దగ్గరి చెట్టు దూరపు గుట్టమీద జరిగినట్లు కనబడుతుంది కదా, అదే ఇది. ప్రతి స్కోపులోను ఏదో ఒక దూరానికి ఈ దోషం లేకుండా అమర్చి ఉంటుంది. పెద్ద రైఫిళ్ళ స్కోపులో ఆ దూరం వంద గజాలు, అంతకు మించి కూడా. .22 కొరకు చేసినదానిలో యాభై గజాల ప్రాంతం. గాలితుపాకితో మీరు కాల్చేది పది, ఇరవై, ముప్పై గజాలు. వంద గజాలకు అమర్చిన అద్దంతో పది గజాల గురి చూస్తే బొమ్మ మసకగా ఉంటుంది, కన్ను జరిగితే గురి తప్పుతుంది. కావున .22కు 'రిమ్‌ఫైరు' అని వ్రాసినది అడగండి. గాలితుపాకికి ముందు అద్దపు కట్టు త్రిప్పి దూరం సరిచేసుకునేది అడగండి. దుకాణాలలో దానిని ఏఓ అంటారు. ఆ కట్టుమీద పది గజాల గుర్తు ఉన్నదా లేదా చూడండి. డబ్బు చాలక ఏదో ఒకటి వదులుకోవలసి వచ్చినచో మిగతా హంగులన్నీ వదులుకోండి, గాలితుపాకికి ఈ కట్టును వదులుకోవద్దు.

గాలితుపాకి చిన్నదే గాని స్కోపును పాడుచేయడంలో పెద్ద రైఫిలును మించినది. పెద్ద రైఫిలు వెనుకకు మాత్రమే తన్నుతుంది. స్ప్రింగు గాలితుపాకిలో బరువైన పిస్టను ముందుకు దూకేటప్పుడు తుపాకి వెనుకకు జరుగుతుంది, పిస్టను పోయి ఆగగానే ముందుకు కుదుపుతుంది. వెనుకకు తన్నే దెబ్బకే తయారైన స్కోపులో ఈ ఎదురు దెబ్బకు లోపలి అద్దాలు వదులవుతవి, గీతల తీగ తెగుతుంది. ఖరీదైన స్కోపులు కూడా ఇట్లు చెడినవి ఉన్నవి. అందుచేత "స్ప్రింగు గాలితుపాకికి తగినదా?" అని అడిగి, ఆ మాట డబ్బామీద గాని రసీదుమీద గాని ఉంటేనే తీసుకోండి.

స్కోపుతోపాటు దానిని పట్టి ఉంచే కట్లు కావలెను. చిన్న తుపాకుల ఒంటిమీద 11 మిల్లీమీటర్ల వెడల్పున రెండు సన్నని గాళ్ళు ఉంటవి. పెద్ద రైఫిళ్ళ పట్టా వేరు. డబ్బాలో వచ్చిన కట్లు మీ గాడికి సరిపోకపోవచ్చు. దుకాణానికి పోయేటప్పుడు గాడి వెడల్పు కొలిచి కాగితంమీద వ్రాసుకొని పోండి. గాలితుపాకి కుదుపుకు కట్లు వెనుకకు జారతవి కనుక, తుపాకి మీది రంధ్రంలో దిగే ఆపుమేకు ఉన్న కట్టు మేలు. పాత .22కు గాళ్ళే లేకపోతే, ఊరి వెల్డింగు షాపులో రంధ్రాలు వేయించవద్దు. ఆయుధాల మరమ్మత్తుకు లైసెన్సు ఉన్నవాని వద్దకే పోవలెను. గొట్టం చెడితే ప్రాణంమీదికి వస్తుంది.

ధర ఎంత పెట్టవచ్చునని అడుగుతారు. అంకె చెబితే ఏడాదిలో అది మారిపోతుంది. ఒక కొలమానం చెబుతాను. గాలితుపాకి వెలలో సగానికి మించిన స్కోపు దానికి బరువే. అట్లని అన్నింటికన్న అగ్గువది కూడా వద్దు. రంగు దీపపు గీతలు, పైన లేసరు, పక్కన టార్చి, అన్నీ కలిపి ఒకే డబ్బాలో తక్కువ ధరకు ఇస్తున్నారంటే, అద్దానికి పెట్టవలసిన డబ్బు వాటికి పోయిందన్నమాట. ఏ హంగూ లేని నల్లని గొట్టం, సన్నని రెండు గీతలు, ముందు కట్టు. అదే కొనవలసినది. కంటి అద్దానికి, కంటికి మధ్య మూడు అంగుళాల ఎడం వదిలి చూసినప్పుడు బొమ్మ నిండుగా కనబడవలెను. కళ్ళజోడు పెట్టుకునేవారు జోడుతోనే చూసి కొనవలెను.

దుకాణంలోనే, తుపాకి లేకుండానే కొన్ని పరీక్షలు చేయవచ్చు. అట్టపెట్టె రెండు అంచులను వి ఆకారంలో కోసి, స్కోపును అందులో పడుకోబెట్టండి. వీథికి అవతల ఉన్న సైనుబోర్డు అక్షరంమీద గీతలు నిలపండి. కన్ను మెల్లగా పక్కలకు జరపండి. గీతలు అక్షరం దాటి పోతున్నవా చూడండి. మీరు కాల్చే దూరానికి కట్టు త్రిప్పి, దుకాణం లోపలనే అంత దూరాన ఉన్న వస్తువు మీద మరల చూడండి. తరువాత పైమర ఇరవై టిక్కులు పైకి, పక్కమర ఇరవై కుడికి, మరల ఇరవై క్రిందికి, ఇరవై ఎడమకు త్రిప్పండి. గీతలు బయలుదేరిన చోటికే రావలెను. రాకపోతే ఆ స్కోపు ఎంత చవుకైనా మీకు ఖరీదే. దానిని సరిచేయడానికి అయ్యే గుండ్ల ఖర్చు ఎవరు ఇస్తారు? బోర్డు అంచున ఉన్న అక్షరాలు వంకరగా, రంగుల అంచుతో కనబడితే కొంత ఓర్చుకోవచ్చు, నడిమి అక్షరం మాత్రం తేటగా ఉండవలెను. స్కోపును చెవివద్ద ఊపి చూడండి, లోపల చప్పుడు రాకూడదు. సూర్యునివైపు మాత్రం ఎన్నడూ చూడవద్దు, ఒక్క క్షణంలో కన్ను పోతుంది. ప్రకటన చూసి తపాలాలో తెప్పించుకునేవారికి ఈ పరీక్షలు వచ్చిన రోజుననే చేసి, తేడా ఉంటే తిప్పి పంపే గడువు ఉండవలెను.

ఇంటికి తెచ్చి బిగించేటప్పుడు తుపాకిలో గుండు లేదని రెండుసార్లు చూసుకోండి. దారానికి రాయి కట్టి ఇరవై గజాల దూరాన వేలాడదీసి, నిలువు గీతను ఆ దారానికి సరిపెట్టండి. ట్రాక్టరు చక్రం నట్లు బిగించినట్లు మరలను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించవలెను. ఒకే మర ఒక్కసారి బిగిస్తే గొట్టం నొక్కుకుపోతుంది.

గురి సరిచేయడంలో కొంత లెక్క ఉన్నది. చాలా స్కోపుల మరమీద పావు మినిట్ అని ఉంటుంది. అనగా ఒక టిక్కుకు వంద గజాల దూరాన పావు అంగుళం జరుగుతుంది. ఇరవై అయిదు గజాలకు అందులో నాలుగవ వంతు, అంగుళంలో పదహారవ వంతు. పది గజాలకు అంగుళంలో నలభైయవ వంతు. ఉదాహరణకు ఇరవై అయిదు గజాలలో అయిదు గుండ్లు కాల్చినారు. ఆ అయిదింటి నడుమ బిందువు గురికి రెండు అంగుళాలు క్రింద, ఒక అంగుళం ఎడమకు ఉన్నది. పైకి 32 టిక్కులు, కుడికి 16 టిక్కులు త్రిప్పవలెను. ఒక్కొక్క గుండుకు మర త్రిప్పేవాడు సాయంత్రం దాకా త్రిప్పుతూనే ఉంటాడు; అయిదు కాల్చిన తరువాతనే త్రిప్పండి. గుండ్లు ఎప్పుడూ ఒకే రకం వాడండి. విత్తనం మార్చితే పంట తీరు మారినట్లు, గుండు మార్చితే తగిలే చోటు మారుతుంది.

స్కోపు గొట్టానికి ఒకటిన్నర అంగుళం ఎత్తున ఉంటుంది. అందుచేత బాగా దగ్గర గురిమీద గుండు గీతలకు క్రిందుగా తగులుతుంది. అది స్కోపు తప్పు కాదు. .22ను యాభై గజాలకు సరిచేసినచో వంద గజాల దూరాన ఆరేడు అంగుళాలు క్రిందికి పడుతుంది. గాలితుపాకిని ఇరవై, ఇరవై అయిదు గజాలకు సరిచేసి అక్కడితో ఆగండి.

కాల్చే చోటు గురించి మీకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. మన చుట్టూ నీరు నిలిచిన మళ్ళు, కుంటలు. .22 గుండు నీటిమీద వాలుగా తగిలితే మునగదు, చిన్నప్పుడు మనం చెరువులో పెంకు విసిరితే ఎగిరినట్లు ఎగిరి, ఎటో తిరిగి పోతుంది. ఆ గుండు ఒకటిన్నర మైలు దాకా పోగలదు. కాలువ గట్టుమీద నిలబడి మడివైపు కాల్చడమంటే అవతలి ఊరివైపు కాల్చడమే. గురి వెనుక మనిషెత్తుకు మించిన మెత్తని మట్టికట్ట ఉండవలెను. రాతిగోడ పనికిరాదు. గాలితుపాకి గుండు కూడా కన్ను తీయగలదు. రాయికి తగిలి తిరిగి వస్తుంది.

స్కోపు ఎక్కడ చూస్తుందో గొట్టం అక్కడే చూస్తుంది. చేనులో ఏదో కదిలింది, అది ఏమిటో చూద్దామని తుపాకి ఎత్తి స్కోపులోనుండి చూసేవాడు, అది మనిషి అయితే ఆ మనిషిమీద తుపాకి ఎక్కుపెట్టినట్లే. అడవిజంతువు అనుకొని మనిషిని కాల్చిన వార్తలు మీరూ పత్రికలలో చదివే ఉంటారు. రాత్రి కావలిలో కదిలినది ఏదో తెలుసుకోవడానికి వేరుగా రెండు కళ్ళ దుర్భిణి కొనండి, 7×50 అయితే చీకటిలో కూడా కొంత చూపు ఇస్తుంది. నిజానికి పంట కావలి కొరకే డబ్బు పెట్టదలచినవారికి స్కోపుకన్న అదే ఎక్కువ అక్కరకు వస్తుంది. దానికి లైసెన్సు అక్కరలేదు, ఇంట్లో ఎవరైనా వాడవచ్చు, మంచెమీదినుండి నాలుగు చేలు కనిపెట్టవచ్చు.

పందిని ఆపే పద్ధతులను గురించి వేరే సభలో విస్తారంగా చెప్పుకుందాము. మక్క చుట్టూ నాలుగు సాళ్ళు ఆముదం, వేరుశనగ చుట్టూ కుసుమ వేయడం ఖర్చు తక్కువ పని. మక్కకు ఆముదం వాసన అడ్డువస్తుంది. కుసుమ ముళ్ళు పందికి గుచ్చుకుంటవి. కరెంటు తీగ మాత్రం ఎవరూ కట్టవద్దు. ముందు చచ్చేది తెల్లవారి మోటారు వేయడానికి పోయే రైతే.

ఇంక మిగిలినది దాచుకోవడం. వానాకాలంలో మన ఇండ్లలో చెమ్మ ఎక్కువ. అద్దాల మధ్య బూజు పడితే తుడవడానికి వీలుండదు. స్కోపును తోలు సంచిలోను, గుడ్డ సంచిలోను మూసి ఉంచవద్దు. గాలి చొరని డబ్బాలో, మందుల సీసాలలో వచ్చే చెమ్మ పీల్చే పొట్లాలు నాలుగు వేసి పెట్టండి. ఏడాదికొకసారి పొట్లాలు మార్చండి. అద్దంమీది దుమ్మును పై పంచెతో తుడవకూడదు, ఇసుక రేణువు గీత పెడుతుంది. మెత్తని కుంచెతో దులిపి, తరువాత కళ్ళజోడు గుడ్డతో ఒత్తండి. తుపాకి ఒకచోట, గుండ్లు ఒకచోట, రెండింటికీ తాళం, తాళపుచెవి పిల్లలకు అందనిచోట.

ప్రశ్నలు ఉన్నవారు గాడి వెడల్పు, తుపాకి రకం, మీరు కాల్చే దూరం, ఈ మూడూ కాగితంమీద వ్రాసి ఇవ్వండి. చూసి చెబుతాను.